శాంతించిన వ్యాధి, మానరాని పరీక్ష

కాలేయము చెడినదనగానే మన సమాజమున మొదట పుట్టు ప్రశ్న మద్యపానమును గూర్చినదే యగుటచే, జన్మమున కల్లుచుక్కయైన నెఱుగని గృహిణికి, తన దేహమందలి రక్షణశక్తియే స్వపర వివేచన గోల్పోయి తన కాలేయమును నశింపజేయుచున్నదని వైద్యులు చెప్పినప్పుడు, రోగబాధకంటె ముందు లోకాపవాదభయమే యామెను పీడించుట కద్దు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అను నీ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే మూడు నాలుగు రెట్లధికముగా వచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రోగి చేసిన యే యపరాధమునకును ఫలము కాదు.

1950లో స్వీడను వైద్యుడు వాల్డెన్‌స్ట్రామ్ దీనిని యువతులయందు గుర్తించి వర్ణించిన నాటికి దీనికి తగిన చికిత్స లేదు. 1971లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రియందు షీలా షెర్లాక్ బృందము, ప్రెడ్నిసొలోన్ అను మందు పుచ్చుకొన్న రోగులు తక్కినవారికంటె అధికముగా బ్రదుకుచున్నారని నిరూపించిన పిమ్మట ఈ వ్యాధి గతియే మారినది. నేడు ఆ మాత్రలతోను, అజథయోప్రిన్‌తోను పెక్కుమంది దశాబ్దముల తరబడి జీవించుచున్నారు. నేను చెప్పదలచిన మాట ఈ దీర్ఘాయువునకు సంబంధించినదే.

రోగనిర్ణయము జరుగునాటికే ఇంచుమించు మూడవవంతు రోగులలో కాలేయము మచ్చలుపడి గట్టిపడి, సిరోసిస్ అను దశకు చేరియుండును. అట్టి కాలేయమున కణములు చచ్చుచు, మరల పుట్టుచు నుండగా, ఎప్పుడో యొక కణము దారితప్పి క్యాన్సరుగా పరిణమించు నవకాశము కలదు. 2017లో పలు పరిశోధనల ఫలితములను క్రోడీకరించి చూడగా, సిరోసిస్ గల వేయిమంది రోగులలో ఏడాదికి సుమారు పదిమందికి కాలేయ క్యాన్సరు వచ్చుచున్నట్లు తేలినది. సిరోసిస్ లేనివారిలో నిది మిక్కిలి యరుదు. కావున రోగము పేరు వినినంతనే క్యాన్సరు తప్పదని తల్లడిల్ల నక్కరలేదు. సిరోసిస్ ఉన్నదని తెలిసియు, రక్తపరీక్షలు బాగున్నవి గదా యని స్కానింగు మానుకొనువారిని గూర్చియే నా యాందోళనము.

రక్తమున ఎంజైములు సమస్థితికి వచ్చుట వాపు తగ్గినదనుటకే సాక్ష్యము. క్యాన్సరు గడ్డ లేదనుటకు సాక్ష్యము కాదు. కాలేయపు కండయందు నొప్పి తెలియజేయు నాడులు లేవు గావున, లోపలి గడ్డ చాలకాలము చప్పుడు లేక పెరుగును. అది రెట్టింపగుటకు పట్టు కాలమును గణించియే ఆరు నెలల కొకమారు పొట్ట అల్ట్రాసౌండు తీయించవలెనని నిపుణులు నిర్ణయించిరి. చిన్నదిగా నుండగా పట్టుబడిన గడ్డను కోసి తీయవచ్చును, సూదితో కాల్చవచ్చును. ఒక్కటే గడ్డ యై 5 సెంటీమీటర్లకు మించనిచో, 1996 నాటి మిలాన్ ప్రమాణముల ననుసరించి కాలేయమార్పిడికిని అర్హత యుండును. కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, కామెర్లు తిరుగబెట్టిన పిదప వచ్చినవారికి ఈ మార్గములు చాలవరకు మూసికొనిపోవును.

మఱియొక చిక్కు కలదు. ప్రాణము నిలిపిన ప్రెడ్నిసొలోనే ఆకలిని, దేహపు బరువును పెంచును. స్థూలకాయము క్యాన్సరు ముప్పును పెంచుటయే గాక, క్రొవ్వు అడ్డుపడుటచే అల్ట్రాసౌండులో చిన్న గడ్డలు కనబడకుండ చేయును. కావున బరువు పెరిగిన రోగికి స్కానింగు తీయు వైద్యుడు, అవసరమని తోచినచో, సీటీ గాని ఎమ్మారై గాని వ్రాయుటకు వెనుదీయరాదు. మాత్రలు విడిచి పసరు త్రాగువారికి వ్యాధి తిరుగబెట్టి, మచ్చలు మఱింత ముదురునని వేరుగ చెప్పనేల?

ఐనను రోగినే నిందించుట న్యాయము కాదు. ఒంట్లో బాగున్న మనిషి ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సుకు డబ్బు పెట్టుకొని, పట్టణమునకు పోయి వరుసలో నిలువవలెనన్నచో, అది యెందులకో ఆమెకు విశదముగ చెప్పినవారుండవలెను గదా. ‘ఆరు నెలలకు రండి’ అను నొక ముక్కతో సరిపుచ్చుట మన ఆసుపత్రులలో పరిపాటి యైనది. సిరోసిస్ గల ప్రతి రోగి చీటీపైనను తరువాతి స్కానింగు తేది పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఆ తేది దాటినచో ఆసుపత్రివారే ఫోను చేయవలెను. స్కానింగు జిల్లా ఆసుపత్రిలోనే, ఉచితముగ, వచ్చిననాడే జరుగునట్లు ప్రభుత్వము చూడవలెను.