గీతకు దిగువన నిలిచిన బిడ్డ

ఏటా మన సంఘాల్లో కొందరు పిల్లలు ఒక జాబితా కోసం ఎదురు చూస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పేద పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష జాబితా అది. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ పథకం కింద దేశమంతటా ఏటా లక్ష కొత్త ఉపకార వేతనాలు కేటాయించారు. ఎంపికైన విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అంటే నెలకు వెయ్యి. పట్నంలో కొందరికి అది ఒక పూట హోటల్ ఖర్చు. కూలికి వెళ్లే తల్లికి మాత్రం అది కూతురి బస్సు పాసు, నోటు పుస్తకాలు. పదో తరగతి తర్వాత పిల్లను చదివించాలా, మాన్పించాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా అదే. కాబట్టి 'మార్కులదేముంది' అని తేలిగ్గా మాట్లాడే హక్కు కడుపు నిండిన మనకు లేదు.

అయితే ఆ జాబితా ఎలా తయారవుతుందో పిల్లలకు ఎవరూ చెప్పరు. తొంభై మార్కుల పేపర్లు రెండు. మొత్తం మీద నలభై శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ముప్పై రెండు శాతం వస్తే అర్హత సాధించినట్టే. అర్హత వచ్చినంత మాత్రాన ఉపకార వేతనం రాదు. ప్రతి రాష్ట్రానికీ ఇన్ని అని కోటా ఉంది. అది నిండిన చోట గీత పడుతుంది. దాన్నే కటాఫ్ అంటున్నాం. ఒక రాష్ట్రంలో జాబితాకెక్కిన మార్కు పక్క రాష్ట్రంలో గీత కిందనే మిగిలిపోవచ్చు. డబ్బు తక్కువ, పిల్లలు ఎక్కువ కనుక ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీత మన దగ్గర ఎన్ని ఉపకార వేతనాలున్నాయో చెబుతుందే గాని, బిడ్డ విలువ ఎంతో చెప్పదు.

ఈ మాట ముందుగా సంఘ కాపరులమైన మేమే మరచిపోయాం. పరీక్షలకు ముందు పిల్లలు హాల్ టిక్కెట్లు, పెన్నులు బలిపీఠం దగ్గరికి తెస్తారు. మేము చేతులుంచి ప్రార్థిస్తాం. దేవుడు నిన్ను తలగా నియమిస్తాడంటూ ద్వితీయోపదేశకాండములోని వాగ్దానం (28:13) అందరికీ ఒకేలా పంచుతాం. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకు అదే వాగ్దానం ఇచ్చినప్పుడు, రేపు జాబితాలో ఒకరి పేరే ఉంటే రెండోవారికి ఏం చెబుతామో ఆలోచించం. ఫలితాలు వచ్చిన ఆదివారం మొదటి బిడ్డను ముందుకు పిలుస్తాం. శాలువా కప్పి, బైబిలు బహూకరిస్తాం. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. రెండో బిడ్డ ఆ రోజు ఆరాధనకు వచ్చిందో లేదో కూడా చూడం.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా పిల్ల కూడా మీ చేతి ప్రార్థనే గదా చేయించుకుంది. ఒక్క మార్కులో పోయింది. మా ప్రార్థనలో ఏం తక్కువైంది?" అని అడిగింది. వేదాంత కళాశాలలో నేర్చుకున్నదేదీ ఆ నిమిషంలో మాకు అక్కరకు రాలేదు. ఇంకా ప్రార్థించమ్మా అని పంపేశాం. ఆ పిల్ల చాలాకాలం సండే స్కూలుకు రాలేదు.

ఇలాంటప్పుడు మనం ఎక్కువగా వాడే వచనం యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు మేలుకే అనే ఆ మాట చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందరి వచనంలోనే డెబ్బై ఏళ్ల లెక్క ఉంది. వచ్చే వారం జాబితాలో పేరు వస్తుందని దాని అర్థం కాదు. ఓడిపోయి పరాయి దేశంలో ఉన్నా దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టలేదని దాని అర్థం. ఆ తల్లికి మేము చెప్పవలసింది అది.

ఇంకా సూటిగా జవాబు చెప్పేది బేతెస్ద కోనేరు (యోహాను 5:1-15). అక్కడ రోగులు గుంపులుగా పడి ఉన్నారు. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడికే స్వస్థత అని వారి నమ్మకం. అంటే ఒకే సీటు. ముప్పై ఎనిమిదేళ్లుగా రోగియైన మనిషి చెప్పుకున్న బాధ వినండి. తనను నీళ్లలోకి దించేవారు లేరు, తాను వచ్చేలోగా ఇంకొకరు దిగిపోతున్నారు. కోచింగ్ ఇప్పించేవారు, దరఖాస్తు చదివి నింపిపెట్టేవారు లేని ఇంటి బిడ్డ గోడు అచ్చం ఇదే. యేసుప్రభువు ఏం చేశాడు? అతణ్ణి మోసుకెళ్లి అందరికన్నా ముందు నీళ్లలో దించలేదు. ముందు దిగినవాణ్ణి తప్పుపట్టలేదు. పందెంలో ఎప్పుడూ వెనకబడే మనిషి దగ్గరకు తానే వెళ్లి, నీళ్లతో పని లేకుండానే లేపి నిలబెట్టాడు. తర్వాత దేవాలయంలో అతణ్ణి మళ్లీ కలుసుకున్నాడు. దేవుని కృపకు కోటా లేదని మనం ప్రకటిస్తున్నాం. అలాంటప్పుడు మన వేదిక మీద కోటా పెట్టడం ఏమి సువార్త?

ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు, తెలుగులో సున్నా వచ్చినట్టు చూపిన ఒక విద్యార్థినికి మళ్లీ దిద్దిస్తే 99 మార్కులు తేలాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. కాగితం మీది అంకె తప్పు కావచ్చునని, ఒప్పే అయినా అది తుది తీర్పు కాదని ఆ పిల్లలకు నమ్మకంగా చెప్పే మనుషులు సమయానికి దొరికారా? కుంగిపోయిన బిడ్డను ఒంటరిగా వదలకండి. ప్రార్థనతో పాటు వైద్య సలహా కూడా అవసరమే. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

కష్టపడి చదివి గెలిచిన బిడ్డను అభినందించడం మానుకోమని మేము అనడం లేదు. సంతోషించేవారితో సంతోషించాలన్న పౌలు ఆ వాక్యంలోనే ఏడ్చేవారితో ఏడవమన్నాడు (రోమా 12:15). మనం మొదటి సగమే పాటిస్తున్నాం.

మన తాతముత్తాతల్లో చాలామంది మిషను బోర్డింగు హోముల్లో తిని చదువుకున్నారు. అక్షరం రాని ఇళ్ల నుంచి వచ్చిన వారిని ఎవరూ కటాఫ్ అడగలేదు. మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవునికి తీసిపెట్టి ఆదివారం కానుకగా తెచ్చేవారు. ఆ పిడికెడును మళ్లీ మొదలుపెడదాం. యాభై కుటుంబాలున్న సంఘంలో ఇంటికి నెలకు ఇరవై రూపాయలు తీస్తే వెయ్యి రూపాయలవుతాయి. ప్రభుత్వం ఇచ్చేదీ అంతే. ఒక్క మార్కులో ఆగిపోయిన ఒక బిడ్డ చదువు ఆ డబ్బుతో సాగుతుంది.

ఫలితాల కోసం ఎదురు చూస్తున్న పిల్లలారా, మీరు రాసిన జవాబులు ఇప్పుడు మారవు. వాటి గురించి రాత్రుళ్లు మేలుకోవద్దు. ఏ కబురు వచ్చినా తట్టుకునే హృదయం ఇమ్మని అడగండి. సంఘ కాపరులారా, ఈసారి జాబితా వెలువడిన రోజు ఆదివారం దాకా ఆగవద్దు. పేరు లేని బిడ్డ ఇంటికి ఆ సాయంత్రమే వెళదాం. ప్రసంగం అక్కర్లేదు. వారితో కూర్చుని ఒక పూట భోజనం చేసి వద్దాం.