పరిశోధనాలయపు మాట మన యింటి భాషలో వినబడవలెను

చెన్నపట్టణమున చెట్‌పట్టులో క్షయ పరిశోధనాలయ మొకటి కలదు. మన పాఠకులలో ననేకులు దాని ప్రక్కగా నడచిపోయినవారే గాని, అందు జరిగిన కృషికిని తమ యింటికిని గల సంబంధము నెరిగినవారు కొద్దిమంది. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, నాటి మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలసి స్థాపించిన ఆ కేంద్రమే నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

క్షయరోగిని శానిటోరియమునకు పంపక తీరదా, లేక ఇంటనే యుంచి మందు లీయవచ్చునా? అచ్చట తొలుత తేల్చిన ప్రశ్న ఇదియే. నగరములోని బీద కుటుంబములకు చెందిన 193 మంది రోగులను రెండు తెగలుగా విభజించి, ఇరువురకును ఏడాది పాటు ఒకే మందు లిచ్చిరి. ఇంట నున్నవారికి ఇరుకు గదులు, చాలని తిండి, తప్పని పని. అయినను ఏడాది చివరకు రెండు తెగల ఫలితములును ఇంచుమించు సమానముగనే యుండెను. తరువాత ఐదేండ్లు పరిశీలింపగా, ఇంట నున్న రోగుల బంధువులకు వ్యాధి ఎక్కువగా సోకినట్లును కనబడలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితము లోకమంతట క్షయ చికిత్స తీరునే మార్చివైచినది.

అయితే ఈ విజయమంతయు మాత్రలదే యనుకొనుట పొరపాటు. ఆరోగ్య కార్యకర్తలు చెప్పాపెట్టకుండ రోగుల యిండ్లకు పోయి, మిగిలిన మాత్రలు లెక్కించి, మూత్రమును పరీక్షించి, మందు మానరాదని నచ్చజెప్పుచు వచ్చిరి. ప్రజలకు వైద్య విద్య గరపుట యనగా మా దృష్టిలో ఇదియే. ఏడాది కొకమారు మార్చి 24న క్షయ దినమని ఊరేగింపు తీసి ఇంటికి పోవుట కాదు.

ఈ పరిశోధనలకు దేహము లిచ్చినది సామాన్య ప్రజలు. 1968లో ఆనాటి చెంగల్పట్టు జిల్లాలో, నేడు తిరువళ్ళూరు జిల్లాయైన ప్రాంతమున, బి.సి.జి. టీకా పరీక్ష ఆరంభమైనది. రెండున్నర లక్షలకు పైగా జనులు అందు చేరిరి. పసిబిడ్డలను కొన్ని తీవ్రమైన క్షయ రూపములనుండి కాపాడు ఆ టీకా, పెద్దల ఊపిరితిత్తుల క్షయను మాత్రము ఆపజాలదని దీర్ఘకాల పరిశీలనలో తేలినది. ఆంధ్ర సరిహద్దు నంటియున్న ఆ జిల్లాలో తెలుగు మాట్లాడు గృహములు కొల్లలు. జనుల చేయి చూచి, కళ్ళె చూచి సంపాదించిన జ్ఞానమును వారి కర్థమగు మాటలలో మరల వారికి చెప్పుట ఋణము తీర్చుటయే గాని ఉపకారము కాదు.

మే మెరిగిన యొక యింటి సంగతి చెప్పెదము. ఆ యింటి అవ్వకు నెలల తరబడి దగ్గు. ఒక వైద్యాలయమున పరీక్షించి ఆరు నెలలకు మందు వ్రాసి, తమిళ కరపత్రము నొకదానిని చేత బెట్టిరి. ఆమెకు తెలిసిన తమిళము సంతకు చాలును, వైద్యునికి చాలదు. మనుమడు కరపత్రమును చదివి వినిపించెను. తమిళమున క్షయను 'కాసనోయ్' అందురు. మన పాత వైద్యమున కాసమనగా వట్టి దగ్గు. రెండు నెలలకు దగ్గు నిలిచినది. "దగ్గు పోయెగదరా, ఇంక మాత్ర లెందుకు?" అని ఆమె మానివైచినది. మనుమరాలి సంబంధము మాటలలో నుండుటచే ఇంటివారును పొరుగున నెవ్వరి నడుగక గుట్టుగా నుండిరి. ఏడాది తిరుగకమునుపే వ్యాధి తిరుగబెట్టెను. ఈమారు మనుమరాలికిని సోకెను. తొలి వారములలోనే చాలవరకు క్రిములు నశించి దగ్గు తగ్గును గాని, మొండిగా దాగిన కొద్దిపాటి క్రిముల కొరకే ఆరు నెలల మందు అన్న యొక్క మాట ఆమెకు తెలుగున చెప్పువారు లేకపోయిరి.

ఇట్టి సందర్భమున మన సంఘములు చేయు పని తెలుగు కరపత్రములు ముద్రింపుడని మహజరు పంపుట. ముద్రింపవలసినదే, కాని మా మనసులోని మాట దాపరికము లేక చెప్పెదము. ఆ మనుమనికి తెలుగు అక్షరములు రావు. ఆ అవ్వకు ఏ అక్షరములును రావు. కరపత్రము తెలుగున నున్నను ఆ యింట చదువువా డెవ్వడు? మనకు కావలసినది అచ్చుకంటె ముందు నోటిమాట. అదియు పత్రికల తెలుగు గాదు. తిరుత్తణి, పళ్ళిపట్టు గ్రామములలో ఇంట పలుకు తమిళపు పోకడల తెలుగు.

పరిశోధన సంస్థలో తెలుగు వచ్చినవారు లేరని మే మనుట లేదు. ఏ గ్రామమున ఏ యింట తెలుగు అవసరమో వారికంటె మనకే యెక్కువ తెలియును. నర్సు చదువు చదివిన యువతులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు. కార్యకర్తలు గ్రామములకు వచ్చు దినమున వెంట నడచుటకు పేటకు ఇరువురు చాలుదురు. పెండ్లి సంబంధములు చెడునను భయమున ఈ జబ్బును దాచు అలవాటును ఈ కార్యకర్తలు కాదు, మనవారే మన గుమ్మములలో కూర్చుండి మాన్పింపవలెను. వచ్చు సమావేశమున కార్యదర్శి మొదట ఆ పేర్ల పట్టిక వ్రాసికొని, మహజరు సంగతి పిదప చూచుట మంచిది.