డెట్రాయిట్ వారి బేరము

అమెరికాదేశమున బేస్‌బాల్ అభిమానులు తెలివితక్కువ బేరమునకు దృష్టాంతము చూపవలసివచ్చినపుడు డెట్రాయిట్ టైగర్స్ జట్టును పేర్కొనుట పరిపాటి. ఆ నింద నాకు న్యాయముగా తోచదు.

1987 ఆగష్టు 12వ తేదీన, ఆటలకాలము రెండు మాసములైనను మిగులని సమయమున, ఆ జట్టువారు అట్లాంటా బ్రేవ్స్ జట్టునుండి డాయిల్ అలెగ్జాండరును తెచ్చుకొనిరి. అతడు పిచ్చరు, అనగా మన క్రికెట్టులోని బౌలరువంటివాడు. వయస్సు 36. అతనికి మారుగా జాన్ స్మోల్ట్జ్ అను ఇరువదియేండ్ల పడుచువానిని ఇచ్చివేసిరి. డెట్రాయిట్ గల మిషిగన్ రాష్ట్రమే ఆ పిల్లవాని జన్మస్థలము. ఆ మాట విన్ననాడు అతని మనస్సెట్లుండెనో! ఆ యేడు క్రింది తరగతి జట్టులో అతడు 4 ఆటలు గెలిచి 10 ఓడియుండెను.

అలెగ్జాండరు వచ్చినది మొదలు 9 ఆటలు గెలిచెను, ఒక్కటియు ఓడలేదు. టైగర్స్ టొరంటో జట్టుకంటె రెండే ఆటల ఆధిక్యముతో తమ విభాగమున ప్రథమస్థానమును పొందిరి. అతడు లేకున్న అది కలలోని మాటయే. పిమ్మట మిన్నెసోటా చేతిలో ఓడిరి. ఆ పోటీలో అతడు ఆరంభించిన రెండాటలును పోయెను. 1989తో అతని ఆట ముగిసెను. స్మోల్ట్జ్ అననో 213 విజయములు పొంది, 1996లో సై యంగ్ బహుమానమును, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవమును అందుకొనెను.

నేడు నవ్వువారిలో ఎవరు 4, 10 అను అంకెలలో 1996ను చూడగలిగియుందురు? ఏడాది పొడుగున శ్రమించిన పాతవారికి జట్టు పెద్దలు చేయవలసిన సాయమే చేసిరి. డెట్రాయిట్‌ను దూషించుటకంటె అట్లాంటాను మెచ్చుట ఉచితము. 1988లో అక్కడను అతడు 2 గెలిచి 7 ఓడెను. మార్కులపట్టిక చూచి పిల్లవానిని మాన్పించువారికి అంతకన్న సాకేమి కావలెను? వారు మాన్పింపలేదు. మరుసటియేడే అతడు ఆల్‌స్టార్ ఆటకు ఎన్నికయ్యెను.