రేపటి దస్తర్‌ఖాన్ – నేటి చిత్రపటం

ఇంతవరకు ఎన్నడూ రుచి చూడని పదార్థాన్ని గూర్చి జనులు ఒక అభిప్రాయానికి రావలసి వచ్చినప్పుడు, వారికి ముందుగా కనిపించే ఆధారం బొమ్మ. ప్రయోగశాలలో పెంచిన మాంసం విషయంలో నేడు జరుగుతున్నది ఇదే. ఆ మాంసం మంచిదా, చెడ్డదా అని వాదించడానికి పూర్వం, దానిని గూర్చి మనకు చూపుతున్న పటాలను చదవడం నేర్చుకోవలెనని మా అభిప్రాయం.

విషయం క్లుప్తంగా ఇది. జంతువు శరీరం నుండి కొద్ది జీవకణాలను తీసి, పోషక ద్రవంలో ఉంచి, వెచ్చని పాత్రలలో వృద్ధి చేస్తే అవి కండగా రూపొందుతాయి. 2013 ఆగస్టు 5వ తేదీన నెదర్లాండ్స్‌కు చెందిన ఆచార్య మార్క్ పోస్ట్ లండన్ నగరంలో ఇట్టి గొడ్డు మాంసపు బిళ్ళను అందరి ఎదుట వేయించి చూపారు. ఆ ఒక్క బిళ్ళకు అయిన వ్యయం సుమారు రెండున్నర లక్షల యూరోలు! 2020లో సింగపూర్, 2023లో అమెరికా ఇట్టి కోడి మాంసం అమ్మకానికి అనుమతి నిచ్చాయి. 2023లోనే ఇటలీ దానిని నిషేధించింది. మన హైదరాబాదులో కూడా సీసీఎంబీకి, జాతీయ మాంస పరిశోధనా కేంద్రానికి ఈ పరిశోధన నిమిత్తం 2019లో కేంద్ర ప్రభుత్వపు నిధులు మంజూరయ్యాయి. కనుక ఇది దూరదేశాల ముచ్చట మాత్రమే కాదు.

2014లో నెదర్లాండ్స్‌లో ఒక విచిత్రమైన వంటల పుస్తకం వెలువడింది. పేరు 'ది ఇన్ విట్రో మీట్ కుక్‌బుక్'. అందులోని నలభై ఐదు వంటకాలలో ఒక్కటి కూడా ఆనాడు ఇంట వండుకోవడానికి వీలైనది కాదు. అల్లిక అల్లిన మాంసం, ఏనాడో అంతరించిన డోడో పక్షి మాంసం వంటివి అందులో ఉన్నాయి. వండించడం దాని ఉద్దేశం కాదు. 'ఇట్టిది మీ పళ్ళెంలోకి వస్తే తింటారా?' అని అడగడమే ఉద్దేశం. రూపకల్పన చేసేవారి మొదటి ధర్మం ఇదేనని మేము భావిస్తాము. వారు తీర్పు చెప్పరాదు. ప్రశ్నను కంటికి కనిపించేలా చేయవలెను.

అయితే ప్రశ్నను చూపగల బొమ్మ దానిని దాచనూ గలదు. ఒక ఊరిలో మాంసం వాడకం రెట్టింపయిందని చూపడానికి కోడి బొమ్మను ఎత్తులోను, వెడల్పులోను రెట్టింపు చేశారనుకుందాము. కాగితం మీద అది నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. అంకె అబద్ధమాడలేదు, బొమ్మ ఆడింది. 1925లో వియన్నాలో సామాన్య జనుల కొరకు గణాంక ప్రదర్శనశాల స్థాపించిన ఆటో న్యూరాత్ అందుకే ఒక నియమం పెట్టుకున్నారు: ఎక్కువ పరిమాణాన్ని పెద్ద బొమ్మతో కాక, అదే కొలత గల బొమ్మలను ఎక్కువ వేసి చూపవలెను. రెట్టింపయితే రెండు కోళ్ళు. అంతే.

ఇంతకంటె సూక్ష్మమైన మోసం కాలాన్ని కొలవడంలో ఉన్నది. సాధారణ మాంసంతో పోలిస్తే పెంచిన మాంసం వలన వాతావరణాన్ని వేడిచేసే వాయువులు 78 నుండి 96 శాతం తగ్గగలవని 2011 నాటి ఒక అధ్యయనం లెక్క కట్టింది. కాని కణాలకు పోషకంగా ఒక జాతి సూక్ష్మజీవులను వాడుతారన్న ఊహ మీద ఆ లెక్క నిలిచింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు మరొక మాట చెప్పారు. పశువులు విడిచే మీథేన్ పది పన్నెండేళ్ళలో చాలావరకు క్షీణిస్తుంది. పాత్రలను వెచ్చగా ఉంచడానికి ఇంధనం కాలిస్తే వెలువడే బొగ్గుపులుసు వాయువు శతాబ్దాల తరబడి నిలిచి ఉంటుంది. కనుక స్వల్పకాలానికి గీసిన పటంలో గెలిచిన మాంసం, వేయి సంవత్సరాలకు గీసిన పటంలో ఓడిపోనూ వచ్చును. పటం ఎక్కడ ఆగవలెనో నిర్ణయించినవాడే తీర్పునూ నిర్ణయిస్తున్నాడు కదా!

ఇక పటంలో అసలే కనిపించనివి. తొలి ప్రయోగాలలో కణాలను పెంచిన ద్రవంలో, వధించిన చూడి ఆవు గర్భంలోని పిండపు రక్తం నుండి తీసిన సీరం ఉండేది. తర్వాత కొందరు అది లేకుండా పెంచే విధానాలను రూపొందించారు. రక్తం హరామ్ అయిన మనకు ఇది చిన్న సంగతి కాదు. 2024 ఫిబ్రవరిలో సింగపూర్ ఫత్వా సంఘం, కణాలు హలాల్ జంతువువై, ఇతర పదార్థాలు కూడా ధర్మసమ్మతమైతే ఇట్టి మాంసం హలాల్ కాగలదన్నది. జబహ్ చేసిన జంతువు కణాలే కావలెనని మరికొందరు పండితుల షరతు. మేము ఫత్వా చెప్పేవారము కాము. కాని ఆవు, పాత్ర, పళ్ళెం అని మూడు అందమైన బొమ్మలు మాత్రమే వేసి, పాత్రలో పోసిన ద్రవాన్ని విడిచిన పటం ఏ పండితునికీ అక్కరకు రాదని మాత్రం చెప్పగలము. అది శాకాహారికీ అక్కరకు రాదు, శాస్త్రజ్ఞునికీ రాదు.

బొమ్మకు భాష లేదంటారు. అది సగమే నిజం. తెలుగు చదివే కన్ను ఎడమ నుండి కుడికి, ఉర్దూ చదివే కన్ను కుడి నుండి ఎడమకు నడుస్తుంది. పై మూడు బొమ్మలనే వరుసగా వేస్తే, ఒకరికి ఆవు నుండి పళ్ళెం వచ్చినట్లు, మరొకరికి పళ్ళెం నుండి ఆవు పుట్టినట్లు తోచవచ్చును! ఈ చిక్కు మన కళాశాల విద్యార్థులకు తెలిసినంతగా వియన్నా వారికి కూడా తెలిసి ఉండదు.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపం. గ్రంథాలయంలో ఒక గోడను విద్యార్థులకు ఇప్పించండి. ఈ మాంసం పుట్టుక నుండి పళ్ళెం వరకు గల కథను విజ్ఞానశాస్త్ర విద్యార్థులు సేకరించగా, ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి రెండు దిక్కుల నుండి చదువదగిన పటంగా గీయగలరు. ద్రవం బొమ్మ అందులో తప్పక ఉండవలెను. తెలియని చోట ఖాళీ గడి విడిచి, 'తెలియదు' అని వ్రాయవలెను.

విద్యార్థులారా! రేపటి దస్తర్‌ఖాన్ మీద ఏమి వడ్డిస్తారో మన చేతిలో లేకపోవచ్చును. వడ్డించినదానిని గూర్చి అడిగి తెలుసుకొని తినడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.