ఉప్పు కరిగితే... కణాలకు ఇల్లు!

ఆపరేషన్ అయ్యాక కరిగిపోయే కుట్లు వేశామంటారు డాక్టర్లు. విప్పించుకోవడానికి మళ్లీ వెళ్లక్కర్లేదు. ఆ దారం కొన్ని వారాలకో నెలలకో ఒంట్లోనే కలిసిపోతుంది. అలాంటి పాలిమర్లతోనే శాస్త్రవేత్తలు దెబ్బతిన్న ఎముకలకీ మృదులాస్థికీ 'పరంజా' కడుతున్నారు. అచ్చం మేస్త్రీలు కట్టే పరంజాలాంటిదే. దాన్ని ఆసరా చేసుకుని కణాలు పెరుగుతాయి, పని పూర్తయ్యేసరికి అది కరిగిపోతుంది.

కణాలు లోపలికి చేరాలంటే పరంజా స్పాంజిలా గుల్లగా ఉండాలి. అన్ని చిన్న చిల్లులు ఎవరు పొడుస్తారు? ఆ పని ఉప్పు చేసిపెడుతుంది! పాలిమర్‌ని క్లోరోఫాంలాంటి ద్రావణంలో కరిగించి, జల్లెడ పట్టిన ఉప్పు రవ్వను కలుపుతారు. క్లోరోఫాంలో ఉప్పు కరగదు. ద్రావణం ఆవిరైపోయాక మిగిలిన బిళ్లను నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి, దాని చోట చిల్లు మిగులుతుంది. చిల్లు ఎంతుండాలో జల్లెడే తేలుస్తుందన్నమాట. ఆంటోనియోస్ మికోస్, రాబర్ట్ లాంగర్‌ల బృందం 1994లో ఈ పద్ధతిని వివరంగా ప్రచురించింది.

ఇందులో ఉప్పే ఎక్కువ, తూకంలో పదింట ఏడు నుంచి తొమ్మిది పాళ్లు. తగ్గితే రవ్వలు ఒకదాన్నొకటి తాకవు. అప్పుడు గదులుంటాయి కానీ గుమ్మాలుండవు. అసలు చిక్కు ఇక్కడే. రక్తనాళానికి మిల్లీమీటరులో అయిదో వంతుకన్నా దూరమైతే కణం బతకడం కష్టం. చర్మం, మూత్రాశయంలాంటి పల్చటి వాటిమీద ముందుగా దృష్టి పడింది అందుకే.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఆంటొనీ అటాలా బృందం వెన్నులోపంతో పుట్టిన ఏడుగురికి చేసిన చికిత్స ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందరూ 4 నుంచి 19 ఏళ్లవాళ్లే. ఇక్కడ ఉప్పు వాడలేదు. కొల్లాజెన్‌తో, కొందరికి దానికి పాలిమర్ జోడించి, మూత్రాశయం ఆకారంలో పరంజా చేశారు. ఎవరి కణాలను వాళ్ల పరంజామీదే పెంచి, దాదాపు ఏడు వారాలకు లోపల అతికించారు. పేగుల ముందు దుప్పటిలా ఉండే కొవ్వు పొరను చుట్టినవి మెరుగ్గా పనిచేశాయి. రక్తం అందేది ఆ పొరనుంచే మరి!

ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. కానీ అలాంటి పరంజానే మరో 10 మందికి అమర్చి చూసిన ఫలితాలు 2014లో వచ్చాయి. మూత్రాశయం పట్టే పరిమాణం ఆశించినట్టు పెరగలేదు. కొందరికి పేగుల్లో అడ్డంకి, మూత్రాశయం చిట్లడంలాంటి ప్రమాదాలూ ఎదురయ్యాయి. రోగి సొంత పేగు ముక్కతోనే మూత్రాశయాన్ని పెద్దది చేసే పాత ఆపరేషన్ నేటికీ ఆసుపత్రుల్లో కొనసాగుతోంది.