ఖాళీసంచికి యోగ్యతాపత్రము

దుమ్ము నింపుకొనుటకై పుట్టిన సంచిని ఖాళీగా నుంచి యంత్రమునకు తరగతి నిర్ణయించుట యెట్టి పరీక్ష? ఐరోపా సమాఖ్యలో జరిగిన దిదియే. 2014 సెప్టెంబరు మొదలు అచ్చట తీగ తగిలించి నడుపు వాక్యూమ్ క్లీనర్లకు విద్యుద్వ్యయమును దెలుపు చీటి యంటింపవలెనని శాసించిరి. పరీక్షలు మాత్రము ఖాళీసంచితో సాగినవి. ఇంట వాడుకొలదిని సంచి నిండును. నిండినకొలదిని గాలి యాడక పీల్చుబలము తగ్గవచ్చును. జల్లెడకన్నులు పూడినచో పిండి దిగదని మన పిల్లలకును దెలియును గదా!

డైసన్ కంపెనీవారు వ్యాజ్యము వేసిరి. వారు సంచిలేని యంత్రముల నమ్మువారు. స్వలాభాపేక్ష లేదని మేమనము. అయినను వాదమున బలమున్నది. 2015లో వారోడిరి. 2017లో పై న్యాయస్థాన మా తీర్పును త్రోసివేసి మరల విచారింపుమనెను. తుదకు మున్ను కాదన్న న్యాయస్థానమే 2018 నవంబరు 8వ తేదీన ఆ నిబంధనమును రద్దుచేసెను.

నాలుగేండ్లు ఆ చీటిని నమ్మి సొమ్ము చెల్లించినవారి మాట యేమి? పరీక్షలు వలదని మేమనుట లేదు. పరీక్షలు లేనిచో వర్తకుని ప్రకటనయే ప్రమాణమగును. అది మరింత కీడు. తరగతి నచ్చొత్తించు చోటనే, సంచి యెంత నిండియుండగా నా తరగతి వచ్చెనో కూడ నచ్చొత్తింపుడని మాత్రమే మా కోరిక.