మొదటి పేజీలో ఒక్క మాట

1948 జనవరి 30, శుక్రవారం. ఢిల్లీ బిర్లా భవనంలో సాయంకాల ప్రార్థనకు వెళ్తున్న గాంధీజీని కాల్చి చంపారు. మూడు రోజుల ముందే ఆయన మెహ్రౌలీలో ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాకు వెళ్ళి వచ్చారు. హంతకుడు ముస్లిమన్న వదంతి అప్పటికప్పుడే లేచింది. చంపినవాడు హిందువని ఆకాశవాణి వెంటనే ప్రకటించింది. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ పతాక శీర్షికలోనే ఆ మాట అచ్చయింది. అది ఎన్ని ముస్లిం కుటుంబాల ప్రాణాలు కాపాడిందో అల్లాహ్‌కే తెలుసు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. నాథూరాం గోడ్సే కులం తెలిశాక, మరాఠీ ప్రాంతంలో ఏ పాపమూ ఎరుగని బ్రాహ్మణుల ఇళ్ళు తగలబెట్టారు. అదీ జుల్మే.

జాతి విషాదం నాడు పత్రిక నల్ల అంచు వేస్తే సరిపోదని మా అభిప్రాయం. ఆనాడు హంతకుడి మతం చెప్పవలసి వచ్చింది వదంతిని ఆపడానికే. వదంతి లేనిచోట నేరస్థుడి పేరు చాలు. అతని మతాన్నీ, కులాన్నీ బోనులో నిలబెట్టరాదు.

పాఠకులకూ బాధ్యత ఉంది. మనపై వదంతి పుడితే విలవిలలాడే మనం, ఇతరులపై పుట్టిన వదంతిని విచారించకుండా నోట పలకవచ్చా?